చెరువు మరవ పోతాందంట!

మా హిందూపురానికి నది ఉంది అంటే చుట్టాలు నవ్వుతారు. రాజమండ్రిలో ఉండే మా తోడికోడలైతే "మీ పెన్నలో నీళ్లుంటాయా, బోర్డు మాత్రమే ఉంటుందా?" అని అడుగుతుంది. రోజూ గోదావరి చూసే మనిషి, అడగదా మరి! మా వైపు పెన్న వంతెన మీద బస్సు పోతుంటే కిందకి చూడండి. కనపడేది ఇసుక, కంపచెట్లు, ఆ ఇసుకలో క్రికెట్ ఆడే పిల్లలు.

పెన్న నంది కొండల్లో పుడుతుంది. కర్ణాటకలో కొంతదూరం నడిచి మా హిందూపురం వైపు ఆంధ్రలోకి వస్తుంది. వచ్చింది ఇక్కడే ఉంటుందా అంటే ఉండదు. మళ్లీ పావగడ వైపు కర్ణాటకలోకి పోయి, అక్కడ్నుంచి తిరిగి మన వైపు వస్తుంది, పుట్టింటి మీద మనసు చావక వెనక్కి పోయొచ్చిన కొత్తకోడలి లాగా. మొత్తం 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నెల్లూరు వాళ్లకి పెన్న అంటే వరిపొలాలు. మాకు పెన్న అంటే పేరు. అనంతపురం సీమలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ పడిన ఏడు.

నీళ్ల సంగతి మా ఆడవాళ్లని అడిగితే కథలు కథలుగా చెప్తారు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా ఇంట్లో అటక మీద ఇత్తడి సామాను కంటే వాకిట్లో ప్లాస్టిక్ డ్రమ్ములు ఎక్కువ. ట్యాంకరు ఏ రాత్రి వస్తుందో తెలియదు. హారన్ వినపడగానే పైపు పట్టుకుని పరుగెత్తాలి. పొయ్యి మీద పాలు ఉన్నా, చంకలో పిల్ల ఉన్నా ఒకటే. ఇప్పుడు కృష్ణ నీళ్లు హంద్రీ-నీవా కాలువలో పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుదాకా వస్తున్నాయి కాబట్టి కాస్త నయం. అయినా ఒకటి రెండు డ్రమ్ములు ఇంకా అట్లే పెట్టుకున్నాను. నమ్మకం లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా వైపు మనుషులకి నిండిన చెరువు చూడటం అంటే ఏమిటో మీకు అర్థం కావాలి కదా!

మొన్న కార్తీకంలో, ఒక శుక్రవారం రాత్రి, ధర్మవరం నుంచి మా చిన్నత్త ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టకపోయినా ఆమె గొంతు ఇల్లంతా వినపడుతుంది. "అక్కా, చెరువు మరవ పోతాంది! ఊరంతా కట్ట మీదనే ఉండాది!"

మరవ పోవడం అంటే చెరువు నిండి అలుగు మీద నుంచి నీళ్లు దుమకడం. కోస్తావాళ్లు అలుగు పారింది అంటారు. మేం మరవ అంటాం.

మా అత్త ఫోన్ పెట్టేసి, మూడు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చిక్కుడుకాయలు వలుస్తున్న నా దగ్గరికి వచ్చి కూర్చుని, తనూ రెండు కాయలు తీసుకుని, "రేపు పోదామా?" అంది.

(అన్నట్టు, మా వైపు అత్తని 'అత్తగారు' అనం. ఎదురుగా 'అత్తా' అనే పిలుస్తాం. మర్యాద లేక కాదు. 'గారు' తగిలిస్తే మా అత్త వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూస్తుంది.)

పోదామా అని ఆమె నోటితో అనడం నాకు పెద్ద విషయం. మామ పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత ఆమెను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా ధర్మవరం గడప తొక్కలేదు. చెల్లెలి మనవరాలి నామకరణానికి రాలేదు, పెద్ద మనవడి పెళ్లికీ రాలేదు. "నేనెందుకులే, మీరు పోయి రాండి" అనేది. ఎందుకో నాకు తెలుసు. ఆ పెళ్లిలో బొట్టు పెట్టేటప్పుడు, గాజులు పంచేటప్పుడు, నలుగురిలో ఆమె ముందుకొచ్చేసరికి పళ్లెం పక్కకి తిరిగిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. పళ్లెం తిరుగుతుంది, అంతే. అది తప్పించుకోవడానికే రాదు.

మా మామ మగ్గం నేసేవారు. ధర్మవరం పట్టుచీర అంటే మీకు నేను చెప్పక్కర్లేదు, మనలో ఒక్కటైనా లేని బీరువా ఉండదు. చీరల్నీ పట్టుపావడాల్నీ కలిపి ఆ ఊరి పేరుమీద జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ చీర నేసే చోటు మనలో చాలామంది చూసి ఉండరు. గుంతమగ్గం. నేలలో గుంత తవ్వి, దాంట్లోకి కాళ్లు దించి, నేలకి సమానంగా కూర్చుని నేస్తారు. మరి చెరువు నిండితే ఏమవుతుంది? ఊళ్లో భూమి అంతా ఊట ఎక్కుతుంది. గుంతలో నీళ్లు ఊరతాయి. చెమ్మకి జకార్డు అట్టలు మెత్తబడతాయి, పట్టుపోగు మాట వినదు. మగ్గం ఆగిందంటే కూలి ఆగినట్టే. అందుకే చెరువు మరవ పోయిన ఏడల్లా ఆ ఇంట్లో గొడవేనట. అత్త పసుపు కుంకుమ పట్టుకుని గంగపూజకి ఆడవాళ్లతో బయల్దేరేది. మామ గుంతలోంచి చెంబుతో నీళ్లు ఎత్తిపోస్తూ "పో పో, పూజ చెయ్యి, ఇంకా నిండనీ" అని అరిచేవారు. వాళ్ల అరుపులు వీధంతా వినేదట. "నేనెందుకు మానుతాను? నీళ్లు లేని ఏడు ఆయన మగ్గం ఏమన్నా బంగారం నేసిందా?" అంటుంది అత్త ఇప్పటికీ. నన్నడిగితే ఇద్దరిదీ న్యాయమే.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. మా ఆయన షాపు పనబ్బాయికి అప్పగించారు. బెంగళూరు నుంచి సెలవుకి వచ్చిన మా అమ్మాయి కూడా వచ్చింది. అత్త తన జోలెసంచీ ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. డిక్కీలో పెడతానంటే ఇవ్వలేదు. సంచీలో ఏముందో నేను అడగలేదు.

పెనుకొండలో ఆగాం. ఆగుదామని అడిగింది మా అమ్మాయి, చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకొచ్చారని. కొండ కింద కుంభకర్ణుడి తోట ఉంది కదా, చూశారా? కొండంత కుంభకర్ణుడు వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటాడు. చుట్టూ రాక్షసులు ఆయన్ని లేపడానికి తంటాలు పడుతుంటారు. పిల్లలు ఆయన కడుపులోకి దూరి అరుస్తుంటారు. అత్త అరుగు మీద కూర్చుని ఆయన్ని తేరిపార చూసి, "వీడు ఆరు నెలలకన్నా లేస్తాడు. మన పెన్న వీడికి అక్క" అంది. మా అమ్మాయి అది వెంటనే ఫ్రెండ్స్‌కి మెసేజ్ పెట్టింది.

పార్కు బాగానే ఉంది. నాకైతే అక్కడ నీళ్లు లేనిదే వెలితి.

పెనుకొండ ఊళ్లోకి పోయి గగన్ మహల్ కూడా చూశాం. విజయనగర రాజుల వేసవి విడిది అంటారు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం ఓడిపోయి, హంపి పాడైపోయాక, తిరుమలరాయలు రాజధానిని తెచ్చి పెట్టుకున్నది ఈ ఊళ్లోనే. తర్వాత అది చంద్రగిరికి పోయింది. ఒక ఇల్లు కూలిపోయాక సామాను కట్టుకుని ఇంకో ఊరు వచ్చి, అక్కడా నిలవక మరో ఊరు పోవడం మన ఇళ్లలోనూ చూస్తుంటాం, కాకపోతే వాళ్లు ఏనుగులతో మారారు. పక్కనే రాముడి గుడి, శివుడి గుడి జంటగా ఉన్నాయి. బాబయ్య దర్గాకి పోయేవాళ్లు పూల బుట్టలతో పోతున్నారు. కృష్ణదేవరాయల విగ్రహం దగ్గర ఆటోలు ఆగి ఉన్నాయి. అన్నీ గబగబా చూసేశాం. అత్త మనసు ఇక్కడ లేదు.

కానీ పెనుకొండ గురించి ఒక్క సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. రాజధాని కథకంటే నాకు అదే పెద్ద కథ. 1388 నాటి శాసనం ఒకటి గౌరిబిదనూరు వైపు ఉంది. డిగ్రీలో మా హిస్టరీ మేడం చెప్పింది, నాకు ఇప్పటికీ గుర్తే. అప్పుడు పెనుకొండలో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు ఉండేవాడు. జనం సుఖంగా ఉండాలంటే నీళ్లుండాలి కాబట్టి, పెన్నని పెనుకొండకి తీసుకురమ్మని సింగాయభట్టు అనే ఆయనకి ఆజ్ఞ ఇచ్చాడట. ఈయన జలసూత్రం తెలిసినవాడు. ఇప్పటి మాటలో ఇరిగేషన్ ఇంజనీరు. ఆయన కల్లూడి దగ్గర పెన్న నుంచి కాలువ తవ్వించి సిరువెర చెరువుదాకా నీళ్లు తెచ్చాడు. దానికి రాజు పేరే పెట్టారు.

చూడండి ఎంత చిత్రమో! మిగతా చోట్ల జనం నది ఎక్కడుంటే అక్కడికి పోయి ఊరు కట్టుకున్నారు. మా సీమలో ఊరు ఎక్కడుందో అక్కడికి నదిని రమ్మన్నారు. ఆరు వందల ఏళ్ల కిందటి సింగాయభట్టు చేసిన పనే ఇప్పుడు హంద్రీ-నీవా చేస్తోంది. కాకపోతే అప్పుడు పెన్న, ఇప్పుడు శ్రీశైలం దగ్గర్నుంచి ఎత్తిపోసిన కృష్ణ. ఆ నీళ్లే పెనుకొండ పక్కన కియా కార్ల ఫ్యాక్టరీకీ పోతాయి.

ఇదంతా కార్లో చెప్తుంటే మా అమ్మాయి అంది: "అమ్మా, అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున పార్కు చూశాను కదా, ఎంత పొడుగు కట్టారో! ఆ నీళ్లు కూడా సబర్మతివి కాదంట, నర్మద నుంచి కాలువలో తెచ్చి నింపినవంట." 

మా ఆయన "అప్పు నీళ్లు" అన్నారు.

"తెచ్చిన నీళ్లయితే ఏమి, కోడలు కూడా తెచ్చిన పిల్లే" అంది అత్త వెనక సీట్లోంచి, కళ్లు మూసుకునే. నిద్రపోయిందనుకున్నాం!

చెన్నేకొత్తపల్లి దాటాక హైవే వదిలి ధర్మవరం రోడ్డు పట్టాం. అప్పటిదాకా మామూలుగా ఉన్న మా ఆయన అక్కడ్నుంచి జాగ్రత్తలు మొదలుపెట్టారు. కట్ట మీద అంచుకి పోవద్దు, నీళ్లలో కాలు పెట్టొద్దు, సెల్ఫీలు వద్దు. ఊరికే భయం కాదు లెండి. 2021 నవంబరులో ఇదే చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర పదిమంది నది మధ్యలో చిక్కుకుంటే ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. ఏళ్లతరబడి ఎండిన ఏట్లో తిరిగి తిరిగి మనకి దాని భయం పోతుంది. అది మాత్రం ఒక్క రాత్రిలో వచ్చేస్తుంది.

చిత్రావతి కూడా పెన్న లాగే నంది కొండల వైపు పుట్టిన పిల్లే. అక్కాచెల్లెళ్లని చెరో ఊరికి ఇచ్చినట్టు అది హిందూపురం వైపు, ఇది పుట్టపర్తి, ధర్మవరం వైపు పోయి, చివరికి గండికోట వైపు కలుసుకుంటాయి. దారిలో బుక్కపట్నం చెరువునీ, ధర్మవరం చెరువునీ నింపేది చిత్రావతే. ధర్మవరం చెరువు కట్టించింది క్రియాశక్తి ఒడయరు అనీ, వాళ్లమ్మ ధర్మాంబ పేరే ఊరికి పెట్టాడనీ చెప్తారు. ఊళ్లకి రాజుల పేర్లు, దేవుళ్ల పేర్లు సరే. అమ్మ పేరున్న ఊరు, అదీ చెరువు తవ్విన పుణ్యానికి వచ్చిన పేరు!

ముందు ఇంటికి పోయాం. మామ నేసిన ఇల్లు ఇప్పుడు అద్దెకి ఉంది. ఒక నేత కుటుంబమే ఉంటోంది. మామ మగ్గం మీదే అతను నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. మేం పోయేసరికి మగ్గం ఆగి ఉంది. నేను తొంగి చూశాను. గుంతలో మోకాలి లోతు నీళ్లు, పైన సగం నేసిన చీర, వంకాయ రంగుకి ఆకుపచ్చ అంచు, దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. పన్నెండు రోజులైందంట పని ఆగి. ఎత్తిపోసినా తెల్లారేసరికి మళ్లీ ఊరుతోందట. ఆ అమ్మాయి మాకు కాఫీ ఇస్తూ, నవ్వుతూనే, "ఊరంతా నీళ్లు చూసి సంబరపడతాంటే మేం మాత్రం ఏడ్చేది బాగుండదు కదమ్మా" అంది.

అత్త మగ్గం దగ్గరే నేల మీద కూర్చుంది. దుప్పటి కొంచెం ఎత్తి చీర పోగు వేళ్లతో చూసింది. చాలాసేపు. తర్వాత లేస్తూ, "ఈ నెల బాడిగ వద్దులేమ్మా, వచ్చే నెలది కూడా మగ్గం ఆడినాక చూద్దాం" అనేసింది. మా ఆయన ముఖం చూడాలి! బాడిగ ఆమె చేతికే వస్తుంది, ఆమె ఇష్టం. ఆయన కాఫీ తాగేశారు.

సాయంత్రం నాలుగింటికి చిన్నత్త కుటుంబంతో కలిసి కట్ట మీదకి పోయాం.

ఏమని చెప్పను! ఒకవైపు ఆకాశం దాకా నీళ్లు. ఎర్రమట్టి నీళ్లు, పైన ఎండ పడి రాగి తపేలా తళతళలాడినట్టు. ఎండాకాలం ఈ చెరువులో మేకలు మేస్తుంటే చూశాను నేను. ఇప్పుడు మధ్యలో చెట్ల తలలు మాత్రం కనపడుతున్నాయి, వాటి మీద కొంగలు. కట్ట పొడుగునా జనం. బెంచీలు లేవు, లాన్లు లేవు, టికెట్టు లేదు. మిరపకాయ బజ్జీల బండి, బొరుగుల బండి, పీచుమిఠాయి, బెలూన్లు, కొత్తగా పెళ్లయిన జంటలు, చంకలో పిల్లలు, చేతికర్రలతో ముసలాళ్లు. ఇంట్లో ఉన్న మంచి చీర కట్టుకుని వచ్చిన ఆడవాళ్లే సగం. ఎవరూ పార్కు కట్టలేదు, నీళ్లొచ్చాయి కాబట్టి కట్ట పార్కైంది. నీళ్లు పోతే మళ్లీ మేకలే. 

మరవ దగ్గరికి పోతే హోరు. రాతికట్టు మీద నుంచి నీళ్లు దుముకుతున్నాయి. తుంపర ముఖాన పడుతోంది. కిందవైపు మగపిల్లలు వలలు, దోమతెరలు, చివరికి పాత చీరలు కూడా పట్టుకుని చేపలు పడుతున్నారు. పోలీసాయన విజిల్ వేస్తూనే ఉన్నాడు, ఎవరూ వినడం లేదు.

పైన గట్టు పక్కన ఆడవాళ్లు వరసగా గంగపూజ చేస్తున్నారు. టెంకాయ కొట్టి, పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ, పూలు పళ్లెంలో పెట్టి, హారతి ఇచ్చి, నీళ్లలో వదులుతున్నారు. గంగమ్మకి సారె పెట్టడం. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లని వట్టి చేతులతో పంపకూడదు కదా, ఆ లెక్క.

అప్పుడు అత్త సంచీ విప్పింది. ఒక టెంకాయ. పసుపు పొట్లం, కుంకుమ పొట్లం. డజను ఆకుపచ్చ గాజులు. అన్నిటికంటే అడుగున, తెల్ల పంచె ముక్కలో చుట్టి, ఒక పట్టు రవికెగుడ్డ. పసుపురంగు, సన్నటి ఎర్రంచు. చూడగానే నాకు తెలిసిపోయింది. మామ చివరిసారి నేసిన వార్పులో మిగిలిన ముక్క అది. దాన్ని మూడేళ్లుగా ట్రంకుపెట్టెలో వేపాకు వేసి దాచింది. నా కూతురి పెళ్లికి ఉంచిందేమో అనుకునేదాన్ని.

అత్త అన్నీ పళ్లెంలో సర్ది, పళ్లెం నా చేతిలో పెట్టింది. "నువ్వు వెయ్యి. ముత్తైదువ చెయ్యి."

చిన్నత్త కూడా "అవునమ్మా, నువ్వే వెయ్యి" అంది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు జరిగి నాకు చోటిచ్చారు.

నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఈ ముత్తైదువ లెక్కలు నాకు ఇష్టం లేదు, మీలో చాలామందికి తెలుసు, ఇంతకుముందూ రాశాను. యాభై ఏళ్లు ఆ ఇంట్లో కండెలు చుట్టి, అచ్చు అతికి, ఆయనతో అరిచి అయినా సరే ప్రతిసారీ గంగమ్మకి సారె పెట్టిన చెయ్యి ఒక్కరోజులో పనికిరాకుండా ఎట్లా పోతుంది? కానీ అదంతా ఆ హోరులో, అంతమంది మధ్యలో, డెబ్బై ఆరేళ్ల మనిషికి ఉపన్యాసం ఇస్తానా? ఇచ్చినా అది నా పంతం అవుతుంది, ఆమె పూజ కాదు.

"అత్తా, ఈ గుడ్డ మామది. నేను వేస్తే మామకి ఎవరు వేసినారో ఏం తెలుస్తుంది? మీరు అరవకుండా చెరువుకి సారె పెట్టింది ఎప్పుడన్నా ఉందా?" అన్నాను.

ఏదో నోటికొచ్చింది అన్నాను అంతే. అత్త నా ముఖం చూసింది. తర్వాత చెరువు చూసింది. చిన్నత్త ఏదో అనబోయి ఊరుకుంది. మా అమ్మాయి వచ్చి అవ్వ మోచెయ్యి పట్టుకుంది, జారకుండా.

అత్త పళ్లెం తీసుకుంది. టెంకాయ కొట్టింది. పసుపు నీళ్లలో వదిలింది. గాజులు ఒక్కొక్కటే వేసింది. రవికెగుడ్డ రెండు చేతులతో పట్టుకుని, మడత విప్పి, అంచు ఒకసారి బొటనవేలితో రాసి, వదిలేసింది. పెదాలు కదులుతున్నాయి. మంత్రమేమో అనుకున్నాను. దగ్గరికి జరిగి వింటే, "ఇంక అరువు, చూస్తా" అంటోంది.

కుంకుమ పొట్లం మాత్రం పళ్లెంలో అట్లే ఉంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "ఇది నువ్వు."

నేనేం వాదించలేదు. కుంకుమ నేనే వేశాను. 

పక్కావిడ మా అత్తనే చూస్తోంది. ఏమన్నా అంటుందేమోనని నేను సిద్ధంగానే ఉన్నాను. ఆమె తన పళ్లెంలోంచి రెండు మల్లెమూరలు తీసి ఒకటి నాకిచ్చింది. రెండోది చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మా అమ్మాయికిచ్చింది. 

మా అత్త అది చూసింది. చూడనట్టు చెరువు వైపు తిరిగింది. ఇవన్నీ ఒక్కరోజులో పోయేవి కావు.

గుడ్డ కాసేపు నీళ్ల మీద తేలి, పసుపుపచ్చగా కనపడుతూ, మరవ అంచుదాకా పోయి, కిందకి జారిపోయింది. మేమంతా వంగి చూస్తున్నాం. ఇంతలో కింద చేపలు పడుతున్న ఒక పిల్లాడి దోమతెరలో పడింది! వాడు చేప అనుకుని ఎత్తి, విప్పి చూసి, పిండి, ఒడ్డున చిన్న పిల్లని ఎత్తుకుని కూర్చున్న వాళ్లమ్మ వైపు విసిరాడు. ఆమె దాన్ని రెండు చేతులా చాపి పట్టుకుని వెలుగులో చూసింది. పట్టు అని తెలిసిపోయింది ఆమెకి. గబుక్కున మడిచి ఒళ్లో పెట్టేసుకుంది.

చిన్నత్త "అయ్యో, అక్కా! వాళ్లని అడగనా?" అని కదలబోయింది. నాకూ ప్రాణం ఉసూరుమంది. మామ చేతి ముక్క!

అత్త చిన్నత్త చెయ్యి పట్టి ఆపింది. "అడిగి ఏం చేస్తావు? గంగమ్మ రవికె కుట్టించుకుంటుందా? ఆ చంటిదానికి రెండు పావడాలవుతాయి." తర్వాత ఇంకాస్త వంగి, కళ్లు చిట్లించి చూసి, "అంచు చూసి పట్టుకుంది, చూడు. తెలిసిన మనిషే" అంది. ఆ గొంతులో గర్వం వినపడింది నాకు.

చీకటి పడేదాకా కట్ట మీదే ఉన్నాం. మా ఆయన మిరపకాయ బజ్జీలు తెచ్చారు. కారం కారంగా, వేడి వేడిగా, పైన ఉల్లిపాయ, నిమ్మకాయ. ఇంట్లో ఒకటి తింటే కడుపులో మంట అనే మనిషి నాలుగు తినేసింది. తింటూ, ఏ సంవత్సరం మరవ ఎంత ఎత్తు పోయింది, ఏ ఏడు ఎవరింట్లో గుంత నిండింది, ఎవరు ఎవరిని తిట్టుకున్నారు, అన్నీ చిన్నత్తతో చెప్పుకుంటూనే ఉంది. ఇద్దరికీ సంవత్సరాలు కుదరలేదు. గొడవ పడ్డారు.

రాత్రికి హిందూపురం వెళ్లిపోవాలని మా ఆయన ప్లాను. కారు దగ్గరికి నడుస్తుంటే అత్త వెనకబడింది. చూస్తే, కట్ట దిగే చోట ఆగి చెప్పులు విడిచి, తడిమట్టి మీద కాళ్లు పెట్టి నిలబడి ఉంది.

"రా అమ్మా, పొద్దుపోయింది" అన్నారు ఈయన.

"చెల్లెలింట్లో పడుకుని పొద్దున్నే ఇంకోసారి వచ్చి చూసి పోదాం, రా. పొద్దున్నే అయితే జనం ఉండరు" అంది.

మా ఆయన ఒక్క క్షణం ఆకాశం చూసి, ఫోన్ తీసి, రేపు కూడా షాపు నువ్వే తెరువు అని పనబ్బాయికి చెప్పారు.